ఖాళీ చేసిన రెండు కుర్చీలు

అంతర్యుద్ధం తరవాతి అమెరికా – ఏడో భాగం

జరిగిన కథ: 1876 నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ అభ్యర్థి శామ్యూల్ టిల్డెన్‌కి ప్రజల ఓట్లు దాదాపు రెండున్నర లక్షలు ఎక్కువ వచ్చాయి. కానీ అమెరికాలో అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలు పంపే ఎలక్టర్ల ఓట్లు. గెలుపుకి 185 కావాలి. టిల్డెన్ 184 దగ్గర ఆగిపోయాడు. రిపబ్లికన్ రూథర్‌ఫర్డ్ హేస్‌కి ఖాయంగా ఉన్నవి 165. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా, ఆరిగాన్‌లకు చెందిన 20 ఓట్ల మీద తగాదా పడింది. రెండు పక్షాలూ ఎవరి ఫలితాల పత్రాలు వాళ్లు వాషింగ్టన్‌కి పంపాయి.

ఇక చదవండి.

1877 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక రాజీ కుదిరింది. కానీ ఆ రాజీ బరువంతా ఒక్క మనిషి మీద పడింది.

తగాదా ఓట్లు తేల్చడానికి పదిహేను మందితో ఎలక్టోరల్ కమిషన్ వేయాలని రెండు పార్టీల నాయకులూ ఒప్పుకున్నారు. సెనేట్ నుంచి ఐదుగురు, ప్రతినిధుల సభ నుంచి ఐదుగురు, సుప్రీంకోర్టు నుంచి ఐదుగురు. సెనేట్‌లో రిపబ్లికన్ల బలం ఎక్కువ కనుక అక్కణ్ణించి ముగ్గురు రిపబ్లికన్లు, ఇద్దరు డెమొక్రాట్లు. ప్రతినిధుల సభలో డెమొక్రాట్లది పైచేయి కనుక అక్కడ ఇందుకు తలకిందులు. న్యాయమూర్తుల్లో నలుగురు ఎవరో చట్టంలోనే తేలిపోయింది: ఇద్దరు ఆ వైపు, ఇద్దరు ఈ వైపు. ఏడుకి ఏడు సరిపోయాయి. పదిహేనో మనిషిని ఆ నలుగురు న్యాయమూర్తులే ఎన్నుకోవాలి. ఆ పేరు చట్టంలో రాయలేదు గానీ, అది ఎవరి పేరో వాషింగ్టన్‌లో అందరికీ తెలుసు.

డేవిడ్ డేవిస్. పద్నాలుగేళ్లుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. లింకన్ స్నేహితుడు, లింకన్ నియమించినవాడు. అయినా ఇప్పుడు రిపబ్లికన్ అని ఎవరూ అనలేరు, డెమొక్రాట్ అని అసలే అనలేరు. ఆ కోర్టులో ఫలానా పార్టీ వాడని చెప్పలేని న్యాయమూర్తి అతనొక్కడే. ఆ పేరు ఊరికే రాలేదు. నలభై ఏళ్లు పట్టింది.

ఊరూరా తిరిగే కోర్టు

డేవిస్ 1815 మార్చి 9న మేరీల్యాండ్ రాష్ట్రం సెసిల్ కౌంటీలో పుట్టాడు. తండ్రి వైద్యుడు, కొడుకు పుట్టకముందే కన్నుమూశాడు. డేవిస్ ఒహాయోలోని కెన్యన్ కాలేజీలో చదివాడు. మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో ఒక లాయరు దగ్గర పని నేర్చుకున్నాడు. తరవాత న్యూహేవెన్ లా స్కూల్లో కొన్నాళ్లు ఉన్నాడు. లెనాక్స్‌లో ఉన్నప్పుడే సారా వాకర్ అనే జడ్జిగారమ్మాయి మీద మనసు పడింది. పెళ్లికి సంపాదన కావాలి, కుర్ర లాయర్లకి సంపాదన పడమటి రాష్ట్రాల్లో దొరికేది. 1835లో ఇలినాయ్ వెళ్లి పీకిన్ అనే ఊళ్లో బోర్డు కట్టాడు. అక్కడ మలేరియా పట్టుకుంది. మరుసటి ఏడాది బ్లూమింగ్టన్‌కి మారి, జెస్సీ ఫెల్ అనే లాయరు వదిలేస్తున్న ప్రాక్టీసు అందుకున్నాడు. 1838లో సారాని పెళ్లాడి ఆ ఊరికే తీసుకొచ్చాడు.

లాయరుగా అతనికి వాగ్ధాటి లేదు. బాకీల వసూళ్లు, భూముల వ్యవహారాలు చూసుకునేవాడు. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా భూమి కొనేవాడు. ఆ అలవాటే చివరికి అతన్ని ఇలినాయ్‌లోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకణ్ణి చేసింది. 1844లో రాష్ట్ర శాసనసభకి ఎన్నికయ్యాడు. 1847లో రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసిన సభలోనూ కూర్చున్నాడు. జడ్జీలని ప్రజలే ఎన్నుకోవాలని ఆ రాజ్యాంగం చెప్పింది. ఆ పద్ధతిలోనే 1848లో డేవిస్ ఎనిమిదో సర్క్యూట్ జడ్జిగా గెలిచాడు. 1862 దాకా ఆ బెంచీ దిగలేదు.

సర్క్యూట్ అంటే పేరుకి తగ్గట్టు తిరుగుడే. ఒక దశలో ఆ సర్క్యూట్ కింద 14 కౌంటీలు ఉండేవి. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జడ్జి ఆ కౌంటీలన్నీ చుట్టి రావాలి. వెనకాలే లాయర్ల గుంపు. రోడ్లు లేని గడ్డి మైదానాలు, వంతెనలు లేని వాగులు. కోర్టు వస్తోందంటే ఆ చిన్న ఊళ్లకి తిరనాళ్లే. కేసు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వచ్చి కోర్టు హాలు నింపేసేవారు. ఆ రోజుల్లో అంతకు మించిన వినోదం వాళ్లకి మరొకటి లేదు. ఊరు చేరిన గంటలోనే లాయర్లకి కక్షిదారులు దొరికేవారు, మరునాడే వాదన. రాత్రిళ్లు సత్రం లాంటి హోటళ్లలో ఒక మంచం మీద ఇద్దరు ముగ్గురు లాయర్లు సర్దుకునేవారు. జడ్జిగారికి మాత్రం విడిగా మంచం. హోదా ఒక్కటే కారణం కాదు. డేవిస్ బరువు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. అతని పక్కన ఇంకొకరికి చోటు మిగిలేది కాదు. సారాకి రాసిన ఉత్తరాల్లో హోటళ్ల మురికి గురించీ, నోట పెట్టలేని తిండి గురించీ ఎన్నిసార్లు వాపోయాడో లెక్కలేదు.

ఆ లాయర్ల గుంపులో పొడుగ్గా, సన్నగా ఉండే స్ప్రింగ్‌ఫీల్డ్ లాయరు అబ్రహాం లింకన్ ఒకడు. వారాంతాల్లో మిగతావాళ్లు ఇళ్లకి పరిగెత్తేవారు. లింకన్ తరచు సర్క్యూట్‌లోనే ఉండిపోయేవాడు. అలా ఏళ్ల తరబడి జడ్జి, లాయరు ఒకే దారిలో, ఒకే బల్ల దగ్గర గడిపారు. డేవిస్‌కి ఏ పనో పడి బెంచీ దిగాల్సి వస్తే లింకన్‌ని కూర్చోబెట్టి వెళ్లేవాడు. ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. తీర్పుల దగ్గర మాత్రం ఈ స్నేహం చెల్లలేదు. జ్యూరీ లేకుండా డేవిస్ ఒక్కడే తేల్చిన లింకన్ కేసుల్లో లింకన్ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ.

ఇద్దరి స్వభావాలూ తెలిసే కథ ఒకటి వాళ్ల తోటి లాయరు వార్డ్ హిల్ లామన్ జ్ఞాపకాల్లో ఉంది. ఒక కేసులో లామన్ 250 డాలర్ల ఫీజు ముందే మాట్లాడుకుని తీసుకున్నాడు. కేసు ఇరవై నిమిషాలు తిరక్కుండానే గెలిచారు. అంత చిన్న పనికి అంత డబ్బు తప్పని లింకన్ పట్టుబట్టి సగం తిరిగి ఇప్పించాడు. అది డేవిస్ చెవిన పడింది. ఇంత తక్కువ ఫీజులు పుచ్చుకుంటే లాయర్లందరూ అడుక్కుతినాల్సి వస్తుందని కోర్టులోనే మందలించాడు. ఆ రాత్రి హోటల్లో లాయర్లు ఉత్తుత్తి కోర్టు పెట్టి లింకన్‌ని విచారించి జరిమానా వేశారు. లింకన్ నవ్వుతూ కట్టాడు, ఫీజు మాత్రం పెంచలేదు. డబ్బు విషయంలో డేవిస్ లెక్క డేవిస్‌దే, లింకన్ లెక్క లింకన్‌దే.

షికాగోలో మూడు రోజులు

1860 మే నెలలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి షికాగోలో చేరింది. సభ కోసం విగ్వామ్ అనే పెద్ద కొయ్య మందిరం కట్టారు. ముందు వరసలో ఉన్నవాడు న్యూయార్క్ సెనేటర్ విలియం సివార్డ్. డబ్బు, మనుషులు, పేరు అన్నీ అతనివి. లింకన్ ఆచారం ప్రకారం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంటిపట్టున ఉన్నాడు. షికాగోలో అతని తరఫున పగ్గాలు పట్టింది డేవిస్.

ట్రెమాంట్ హౌస్ హోటల్లో గదులు తీసుకుని ఎనిమిదో సర్క్యూట్ లాయర్లందరినీ దింపాడు. లియొనార్డ్ స్వెట్ పుట్టిన ఊరు మెయిన్‌లో, కనుక మెయిన్ ప్రతినిధుల దగ్గరికి అతను. ఎవరిది ఏ రాష్ట్రమో చూసి అక్కడికి పంపడం, రాత్రి అందరి మాటలూ కలిపి లెక్క వేయడం డేవిస్ పని. వాదన ఒక్కటే: 1856లో మనం పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఇండియానా, ఇలినాయ్‌లలో ఓడాం, సివార్డ్ నిలబడితే మళ్లీ ఓడతాం. మీ మొదటి ఓటు మీ వాడికే వేసుకోండి, రెండో ఓటు మాత్రం లింకన్‌కి వేయండి. ఎవరి మీదా నోరు జారొద్దని తన మనుషులకి గట్టిగా చెప్పాడు. రెండో ఎంపికగా అందరికీ నచ్చాలంటే ఎవరికీ శత్రువు కాకూడదు.

తన పేరు మీద ఎవరికీ ఏ మాటా ఇవ్వొద్దని లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి చీటీ రాసి పంపాడు. లింకన్ ఇక్కడ లేడు, ఇక్కడి కష్టం అతనికేం తెలుసు అని డేవిస్ దాన్ని పక్కన పెట్టేశాడని ఒక కథ చాలాకాలం తిరిగింది. ఆ మాటలు అక్షరాలా అన్నాడో లేదో గానీ, ఫలితం మాత్రం కళ్లముందే కనిపించింది. పెన్సిల్వేనియా నాయకుడు సైమన్ కామెరాన్ తరవాత లింకన్ మంత్రివర్గంలో యుద్ధమంత్రి అయ్యాడు. ఇండియానా నుంచి కేలబ్ స్మిత్ అంతరంగిక వ్యవహారాల మంత్రి అయ్యాడు. అవినీతి మకిలి అంటిన కామెరాన్‌ని ఏడాది తిరక్కుండానే లింకన్ సాగనంపాల్సి వచ్చింది.

మే 18న ఓట్లు వేశారు. మొదటి విడత సివార్డ్‌కి 173½, లింకన్‌కి 102. రెండో విడత 184½, 181. మూడో విడత లెక్క ముగిసేసరికి లింకన్ 231½ దగ్గర ఉన్నాడు, కావలసినవి 233. ఒహాయో ప్రతినిధి లేచి నాలుగు ఓట్లు మార్చుకుంటున్నామన్నాడు. అంతటితో అయిపోయింది. జాతీయ రాజకీయాల్లో పెద్దగా పేరు లేని ఒక సర్క్యూట్ జడ్జి అమెరికా చరిత్రని తిప్పాడు. బెంచీ మీద ఉంటూనే ఈ పనంతా చేశాడు. అప్పట్లో అది తప్పని ఎవరికీ అనిపించలేదు.

ఆలస్యంగా వచ్చిన పదవి

లింకన్ గెలవగానే డేవిస్‌కి పెద్ద పదవి వస్తుందని అందరూ అనుకున్నారు. సుప్రీంకోర్టులో మూడు ఖాళీలు ఉన్నా లింకన్ ఉలకలేదు, పలకలేదు. లింకన్ అంత మూగనోము పట్టిన మనిషిని తానింకెక్కడా చూడలేదని డేవిస్ తరవాతి రోజుల్లో లింకన్ లా భాగస్వామి హెర్న్‌డన్‌కి చెప్పాడు. చివరికి స్వెట్ వాషింగ్టన్ వెళ్లి మీ రుణం తీర్చుకోండని ముఖానే అడిగాడు. 1862 అక్టోబరులో నియామకం వచ్చింది, డిసెంబరులో సెనేట్ ఒప్పుకుంది. డేవిస్ కూర్చున్నది అలబామాకి చెందిన జాన్ కాంబెల్ ఖాళీ చేసిన కుర్చీలో. దక్షిణాది రాష్ట్రాలు విడిపోయినప్పుడు రాజీనామా చేసి అటు వెళ్లిపోయిన న్యాయమూర్తి అతను. ఈ కుర్చీని గుర్తు పెట్టుకోండి.

నియమించిన స్నేహితుడికి డేవిస్ తల ఊపుతూ కూర్చోలేదు. బానిసల విముక్తి ప్రకటనని సడలించమని లింకన్‌తో వాదించాడు. అది మారదని లింకన్ తేల్చి చెప్పాడు. ఇక్కడ తప్పు డేవిస్‌దే. ఆ ప్రకటన లేకపోతే యుద్ధానికి అర్థమే లేకుండా పోయేది. మరో విషయంలో మాత్రం డేవిస్ మాట నిలిచింది. మామూలు కోర్టులు నడుస్తున్న రాష్ట్రాల్లో పౌరుల్ని సైనిక కోర్టుల్లో విచారించడం రాజ్యాంగ విరుద్ధమని అతను లింకన్ బతికుండగానే చెప్పాడు.

1865 ఏప్రిల్ 15న లింకన్ పోయాడు. ఆ పూటే కొడుకు రాబర్ట్ డేవిస్‌కి తంతి కొట్టాడు. ఇంత పెద్ద లాయరైన లింకన్ విల్లు రాయలేదు. ఆస్తి వ్యవహారం డేవిస్ చేతికి వచ్చింది. రెండేళ్లకు పైగా చూసుకుని, 1,10,000 డాలర్లకు పైబడ్డ ఆస్తిని భార్య మేరీకి, ఇద్దరు కొడుకులకి సమంగా పంచాడు. చట్టప్రకారం తనకి రావలసిన రుసుము తీసుకోలేదు. లాయర్లు తక్కువ ఫీజు పుచ్చుకోకూడదని ఒకప్పుడు లింకన్‌ని మందలించిన మనిషే ఇతను.

మిలిగన్ కేసు

డేవిస్ పేరు న్యాయశాస్త్రంలో మిగిలింది ఒక్క తీర్పు వల్ల. లాంబ్‌డిన్ మిలిగన్ ఇండియానాలోని హంటింగ్టన్ పట్నంలో లాయరు. డెమొక్రాట్, యుద్ధానికి వ్యతిరేకి. దక్షిణాదికి సాయం చేయడానికి రహస్యంగా కుట్ర పన్నాడని 1864 అక్టోబరులో సైన్యం ఇంట్లోనే అరెస్టు చేసింది. ఇండియానాపోలిస్‌లో సైనికాధికారుల కమిషన్ విచారించి ఉరిశిక్ష వేసింది. అప్పుడు ఇండియానాలో యుద్ధం జరగడం లేదు. ఫెడరల్ కోర్టు అదే ఊళ్లో మామూలుగా నడుస్తోంది. ఆ కోర్టు గ్రాండ్ జ్యూరీ కూర్చుంది గానీ, మిలిగన్ మీద నేరారోపణ చేయకుండానే లేచింది. అంటే పౌర న్యాయస్థానం తలుపు తెరిచి ఉండగానే సైన్యం దాన్ని దాటుకుని పోయింది.

అప్పటి ఏర్పాటు ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కింది సర్క్యూట్ కోర్టుల్లో కూడా కూర్చోవాలి. కాబట్టి మిలిగన్ అర్జీ మొదట వచ్చింది డేవిస్ దగ్గరికే. అక్కడి జిల్లా జడ్జి మెక్‌డొనాల్డ్, అతను కలిసి దాన్ని సుప్రీంకోర్టుకి పంపారు. ఉరి తేదీ దగ్గర పడుతుంటే, ఆగమని అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కి రాశారు. జాన్సన్ ఉరిని యావజ్జీవ ఖైదుగా మార్చాడు.

1866 మార్చిలో వాదనలు జరిగాయి. మిలిగన్ తరఫు వాదించిన ముగ్గురిలో ఒకడు ఒహాయో కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ గార్ఫీల్డ్. అతను రిపబ్లికన్, యుద్ధంలో జనరల్‌గా పనిచేసినవాడు. అంతకుముందు ఏ కోర్టులోనూ ఒక్క కేసు వాదించలేదు. తొలి వాదనే సుప్రీంకోర్టులో, అదీ తన పార్టీ ప్రభుత్వం మీద. ఏప్రిల్‌లో కోర్టు మిలిగన్‌ని విడుదల చేసింది. కారణాలు చెబుతూ డేవిస్ రాసిన తీర్పు డిసెంబరులో వచ్చింది.

రాజ్యాంగం శాంతికాలానికి ఒకటి, యుద్ధకాలానికి ఇంకొకటి ఉండదు. పాలకులకీ ప్రజలకీ అదే చట్టం. కోర్టులు తెరిచి, ఆటంకం లేకుండా నడుస్తున్న చోట పౌరుణ్ణి సైనిక న్యాయస్థానం విచారించకూడదు. తీర్పు సారాంశం ఇది. మిలిగన్‌ని వదిలేయాలన్న దగ్గర తొమ్మిది మందీ ఒక్కమాట మీద ఉన్నారు. పార్లమెంటు లాంటి కాంగ్రెస్ చట్టం చేసినా ఇలాంటి సైనిక విచారణకి అధికారం ఇవ్వజాలదని డేవిస్ ఇంకో అడుగు వేశాడు. ఆ దగ్గర కోర్టు ఐదుగురు, నలుగురుగా చీలింది.

ఈ తీర్పుని ఇవాళ అందరూ మెచ్చుకుంటారు. అప్పుడు రిపబ్లికన్లు మండిపడ్డారు. నల్లజాతి వాళ్లని పౌరులు కారన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పుతో పోల్చారు. వాళ్ల కోపంలో నిజం లేకపోలేదు. దక్షిణాదిలో బానిసత్వం నుంచి బయటపడ్డ జనానికి మామూలు కోర్టుల్లో న్యాయం దొరకడం లేదు. జ్యూరీలో తెల్లవాళ్లే, షెరీఫులూ తెల్లవాళ్లే. వాళ్లకున్న ఆసరా సైన్యం, సైనికాధికారులు నడిపే విచారణలు. ఇండియానా తెల్ల లాయరు ప్రాణం కాపాడిన సూత్రాన్నే సౌత్ కరోలినాలో నల్ల రైతుని కొట్టి చంపినవాడు కూడా అడ్డం పెట్టుకోగలడు. తన తీర్పులో యుద్ధం తరవాతి దక్షిణాది పునర్నిర్మాణం గురించి ఒక్క మాట కూడా లేదని డేవిస్ నొచ్చుకుంటూ బంధువుకి ఉత్తరం రాశాడు. నిజమే, లేదు. కానీ తీర్పు రాసిన చేయి దాటాక అది ఎవరి చేతిలో పడుతుందో రాసినవాడు చెప్పలేడు. 1867లో కాంగ్రెస్ ఆ తీర్పుని లెక్కచేయకుండా దక్షిణాది రాష్ట్రాలని సైనిక జిల్లాలుగా విభజించింది.

మిలిగన్ ఆ తరవాత తనని బంధించిన అధికారుల మీద దావా వేసి గెలిచాడు. నష్టపరిహారంగా జ్యూరీ ఇచ్చింది ఐదు డాలర్లు.

కుర్చీలోంచి పక్కచూపులు

ఆ తీర్పుతో డేవిస్ రిపబ్లికన్లకి దూరమయ్యాడు. డెమొక్రాట్లకి దగ్గరా కాలేదు. అధ్యక్షుడు గ్రాంట్ ప్రభుత్వంలో కుంభకోణాలు పెరిగేకొద్దీ, ఏ పార్టీకీ చెందని పెద్దమనిషిగా అతని పేరు మోగసాగింది. అతనికీ ఆశ పుట్టింది. 1872 ఫిబ్రవరిలో లేబర్ రిఫార్మ్ పార్టీ అనే చిన్న పార్టీ అతన్ని అధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించింది. అతని అసలు చూపు రిపబ్లికన్ పార్టీ నుంచి చీలిన లిబరల్ రిపబ్లికన్ల మీద. మే నెలలో సిన్సినాటీలో వాళ్లు పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీని ఎంచుకున్నారు. డేవిస్ జూన్‌లో పోటీ నుంచి తప్పుకున్నాడు. ఎన్నికల తరవాత గ్రీలీ హఠాత్తుగా చనిపోతే, అతని ఎలక్టర్లు తోచినవాళ్లకి ఓట్లు వేశారు. అందులో ఒకటి డేవిస్‌కి పడింది. ఆ ఏడాది పొడవునా అతను సుప్రీంకోర్టు న్యాయమూర్తే. కేసులు వింటూనే ఉన్నాడు.

ఇక్కడే డేవిస్ లోపలి మెలిక కనిపిస్తుంది. పార్టీకి లొంగని న్యాయమూర్తి అన్న పేరు అతను నిజంగా సంపాదించుకున్నదే. కానీ ఆ పేరే రాజకీయాల్లో పెట్టుబడిగా కూడా పనికొస్తుందని అతనికి తెలుసు.

1877 జనవరి 25

మళ్లీ కమిషన్ దగ్గరికి వద్దాం. జనవరి 25 తెల్లవారుజామున సెనేట్ ఆ బిల్లుని 47–17 ఓట్లతో దాటించింది. మరునాడు ప్రతినిధుల సభ 191–86తో ఒప్పుకుంది. డెమొక్రాట్లకి డేవిస్ మీద గట్టి నమ్మకం. మిగతా 19 ఓట్లు పోయినా పరవాలేదు. ఒక్కటి దక్కితే టిల్డెన్ అధ్యక్షుడు. పదిహేనో మనిషి నిజంగా న్యాయం చూసేవాడైతే ఇరవైలో ఒక్కటైనా రాకపోతుందా?

అదే జనవరి 25న ఇలినాయ్ రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మరో ఓటింగు జరుగుతోంది. ఆ రోజుల్లో సెనేటర్లని రాష్ట్ర శాసనసభలు ఎన్నుకునేవి. రిపబ్లికన్ సెనేటర్ జాన్ లోగన్ పదవీకాలం ముగుస్తోంది. శాసనసభలో ఎవరికీ మెజారిటీ లేదు, గుప్పెడు మంది స్వతంత్రుల చేతిలో కీలకం ఉంది. రోజుల తరబడి విడత మీద విడత ఓట్లు వేసినా తేలలేదు. చివరికి డెమొక్రాట్లు తమ అభ్యర్థి పామర్‌ని వదిలేసి స్వతంత్రులతో చేయి కలిపారు. నలభయ్యో విడతలో డేవిడ్ డేవిస్‌ని సెనేటర్‌గా గెలిపించారు.

దీన్ని మించిన పొరపాటు అమెరికా పార్టీ రాజకీయాల్లో వెతికినా దొరకదు. డేవిస్‌కి సెనేట్ సీటిస్తే కమిషన్‌లో అతని మొగ్గు తమవైపు ఉంటుందని కొందరు లెక్క వేశారని అప్పట్లో చెప్పుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లకి వాషింగ్టన్ గురించి పట్టలేదని, లోగన్‌ని ఓడించడమే వాళ్ల ధ్యాసని మరికొందరన్నారు. ఏదైనా, తాము కూర్చున్న కొమ్మని తామే నరుక్కున్నారు. డెమొక్రాట్ల ఓట్లతో సెనేటరైన నేను ఈ కమిషన్‌లో ఎలా కూర్చుంటానని డేవిస్ తప్పుకున్నాడు.

చట్టం చూస్తే అతను తప్పుకోనక్కర్లేదు. సెనేట్ పదవి మొదలయ్యేది మార్చి 4న. కమిషన్ పని అంతకు ముందే ముగుస్తుంది. ఆ ఫిబ్రవరి అంతా అతను సుప్రీంకోర్టు బెంచీ మీదే ఉన్నాడు. కూర్చుని ఉంటే మాట పడేవాడు. హేస్ వైపు తీర్పిస్తే నమ్మకద్రోహి అనేవారు, టిల్డెన్ వైపు ఇస్తే సీటుకి అమ్ముడుపోయాడనేవారు. ఎవరూ వేలెత్తి చూపని పేరు నలభై ఏళ్లు కూడబెట్టిన మనిషి. దేశానికి ఆ పేరు అవసరమైన ఒక్క నెలలో దాన్ని ఖర్చు పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. ఔచిత్యం అని అతని పక్షాన వాదించొచ్చు. కానీ ఆ ఔచిత్యం సెనేట్ సీటు తీసుకునేటప్పుడు గుర్తొచ్చి ఉంటే, కమిషన్ కుర్చీ ఖాళీ కావలసిన పనే ఉండేది కాదు.

సుప్రీంకోర్టులో ఇక మిగిలిన నలుగురూ రిపబ్లికన్లే. వాళ్లలో కాస్త మెత్తనివాడని జోసెఫ్ బ్రాడ్లీని పదిహేనోవాడిగా ఎంచుకున్నారు. ఫ్లోరిడా, లూసియానా, ఆరిగాన్, సౌత్ కరోలినా వరసగా ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతిసారీ 8–7. ఇరవైకి ఇరవై ఓట్లూ హేస్‌కి. మార్చి 2 తెల్లవారుజామున హేస్ 185–184తో గెలిచినట్టు ప్రకటించారు. తెరవెనక దక్షిణాది డెమొక్రాట్లు ఒప్పందాలు చేసుకుని శాంతించారు. ఏప్రిల్‌లో సౌత్ కరోలినా, లూసియానా రాష్ట్రాల ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా ఉన్న ఫెడరల్ సైనికులు బారకాసులకి వెళ్లిపోయారు. నల్ల ఓటర్ల అండతో నిలబడ్డ చివరి రెండు ప్రభుత్వాలు కూలిపోయాయి. పునర్నిర్మాణం ముగిసింది.

డేవిస్ ఉండి ఉంటే టిల్డెన్ గెలిచేవాడని దీనర్థం కాదు. టిల్డెన్ గెలిచినా దక్షిణాదిలో సైన్యం మిగిలేది కాదు. కానీ ఆ 8–7 ఒక పార్టీ చీలికగా కాక తీర్పుగా నిలిచే అవకాశం ఒక్క డేవిస్ ఉంటేనే ఉండేది.

అధ్యక్ష పదవికి అడుగు దూరంలో

సెనేట్‌లోనూ డేవిస్ ఎవరి గూటిలోనూ చేరలేదు. 1881లో అధ్యక్షుడు ఎవరో కాదు, ఒకప్పుడు డేవిస్ ముందు మిలిగన్ తరఫున వాదించిన గార్ఫీల్డే. జూలైలో అతని మీద కాల్పులు జరిగాయి, సెప్టెంబరు 19న చనిపోయాడు. ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ అధ్యక్షుడయ్యాడు. ఉపాధ్యక్షుడి స్థానం ఖాళీ. 1792 నాటి చట్టం ప్రకారం ఆర్థర్‌కి ఏమైనా జరిగితే పగ్గాలు సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడికి వెళ్తాయి. సెనేట్‌లో రెండు పార్టీల బలం దాదాపు సమానం. అవతలి పార్టీ వాణ్ణి ఆ స్థానంలో కూర్చోబెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. అక్టోబరు 13న సెనేట్‌కి తట్టిన పేరు మళ్లీ అదే. 1872లో అంత ఆశపడ్డా అందని పదవికి, ఏ ప్రయత్నమూ లేకుండా, డేవిస్ పదిహేడు నెలలు ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు.

సారా 1879లో పోయింది. 1883 మార్చిలో సెనేట్ పదవీకాలం ముగియగానే అతను మళ్లీ పెళ్లి చేసుకుని బ్లూమింగ్టన్ చేరాడు. 1886 జూన్ 26న, సారా కోసం కట్టించిన క్లోవర్ లాన్ అనే ఇంట్లోనే చనిపోయాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, ప్రభుత్వమే చూసుకుంటోంది.

ఇక అతను ఖాళీ చేసిన కుర్చీలు. కమిషన్‌లో అతని చోట కూర్చున్నది బ్రాడ్లీ. సుప్రీంకోర్టులో అతని కుర్చీకి హేస్ ఎంపిక చేసింది కెంటకీ లాయరు జాన్ మార్షల్ హార్లన్‌ని. బానిసలున్న ఇంట్లో పుట్టి పెరిగినవాడు, తనూ బానిసల యజమానిగా ఉన్నవాడు. 1876 రిపబ్లికన్ సభలో కెంటకీ ఓట్లని హేస్ వైపు తిప్పినవాళ్లలో ముఖ్యుడు.

డేవిస్ సెనేట్ నుంచి ఇంటికి వెళ్లిన ఏడాదే, 1883 అక్టోబరు 15న, సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఐదు కేసుల మీద తీర్పు వెలువడింది. హోటళ్లలో, రైళ్లలో, నాటకశాలల్లో నల్లజాతి వారికి సమాన ప్రవేశం ఉండాలన్న 1875 నాటి పౌరహక్కుల చట్టం చెల్లుతుందా లేదా అన్నది ప్రశ్న. చెల్లదని కోర్టు 8–1తో కొట్టేసింది. ఆ ఎనిమిది మంది తరఫున తీర్పు రాసింది జోసెఫ్ బ్రాడ్లీ. ఒంటరిగా ఎదురు నిలిచి, ఈ తీర్పు యుద్ధం తరవాతి రాజ్యాంగ సవరణల ప్రాణం తీస్తోందని రాసినవాడు హార్లన్.

ఒకప్పుడు బానిసల యజమాని అయిన ఆ మనిషి ఆ ఒక్క ఓటు దాకా ఎలా వచ్చాడో వచ్చే భాగంలో చూద్దాం.